లెవల్‌గా పడ్డ సొట్ట

మామ చచ్చిపోయిన రోజు నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, భయం. ఏడుపు మూడో రోజు వచ్చింది, అదీ గిన్నెలు తోముతుంటే. భయం మాత్రం ఆయన ఊపిరి ఆగిందని తెలిసిన నిమిషంలోనే వచ్చి కూర్చుంది. ఇక ఈ ఇంట్లో మా ఆయన చెయ్యి ఆపేవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట నాలో నేనే అనుకుని, పైకి అన్నానేమోనని చుట్టూ చూసుకున్నాను.

పొద్దున్నే వాకిట్లో తన పాత మోటారుసైకిలుకు వీపు ఆనించి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పెట్టెలో పడుకోబెట్టే ముందు ఆయన చేతులు కడిగే పని అత్తా నేనూ చేశాం. గోళ్ల సందుల్లో ఎన్నో ఏళ్ల గ్రీజు. కిరసనాయిలు గుడ్డతో రుద్దాం, సబ్బుపొడి వేసి రుద్దాం. పోలేదు.

"ఇడిసిపెట్టు బిడ్డా, దేవునికి ఎర్కె ఈయన మెకానికని" అంది అత్త.

ఆ రెండు చేతులూ ఒకేసారి విప్పి ఉండగా చూడటం నాకదే మొదటిసారి. బతికినన్నాళ్లూ పానా ఉంటే పానా పట్టుకుని, లేకపోతే ఉత్త పిడికిలి బిగించుకుని తిరిగాడు. చర్చిలో ఆఖరి వరసలో కూర్చుని ప్రార్థన చేసేటప్పుడు కూడా రెండు పిడికిళ్లూ మోకాళ్ల మీదే. పాస్టరు ఒకసారి, "అన్నా, దేవుని ముందట గూడ కొట్లాటనేనా?" అని నవ్వాడు. మామ నవ్వలేదు.

నేను దేవరకొండ దిక్కు పిల్లను. తెలంగాణ వచ్చిన మరుసటేడు జడ్చర్లకు కోడలిగా వచ్చి, ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాను. కాపురానికి వచ్చిన నాడు అత్త నాతో అన్న మొదటి మాట, "కుడి దిక్కు నిలబడి మాట్లాడు బిడ్డా, ఎడమ చెవు పని చెయ్యది" అని. పుట్టుకతో వచ్చిందేమో అనుకున్నాను. కొన్నాళ్లు పోయాక, ఉల్లిగడ్డలు కోస్తుంటే కుడి పక్కనే కూర్చుని అడిగాను, చెవికి ఏమైందని.

"పప్పుల ఉప్పెక్కువైంది" అంది.

నాకు అర్థం కాలేదు.

"మీ మామ చెయ్యి పెద్దది" అని చెప్పి ఇంకో ఉల్లిగడ్డ అందుకుంది. కళ్లల్లో నీళ్లు ఉన్నాయి గానీ అవి ఉల్లిగడ్డవే. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదట. చంకలో మా ఆయన ఉన్నాడట, ఆరు నెలల పిల్లవాడు.

మామ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఊరికే కూర్చోవడం రాదు. ఇంట్లో వదులుగా ఉన్న ప్రతిదాన్నీ బిగించాడు. తలుపు బంధాలు, కుళాయిలు, నా బీరువా కాళ్లు. బిగించడానికి ఏమీ మిగలని రోజు మనుషుల మీద పడేవాడు. ఆయన నోటికి మా గల్లీ మొత్తం జడిసేది. వాకిట్లోకి వచ్చిందని పక్కింటివాళ్ల మేక మీదికి పానా విసిరితే దాని వెనకకాలు విరిగింది. పక్కింటామె మా గడప ముందు నిలబడి దుమ్మెత్తి పోస్తుంటే, ఆయన బయటికొచ్చి విసిరిన పానా ఎక్కడ పడిందో వెతుక్కున్నాడు. మేక వంక చూడనైనా లేదు. ఆ మేక చాలాకాలం మూడు కాళ్ల మీదే మా ఇంటి ముందు తిరిగింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఆయనకు మంచీ చెడూ ఉండవు. లెవల్ ఉంటుంది, లేకపోతే ఉండదు. రొట్టె గుండ్రంగా వస్తే లెవల్. పాస్టరు ప్రసంగం సాగదీస్తే లెవల్ లేదు. "బలం గాదు బిడ్డా, లెవల్ గావాలె" అనేవాడు, మూతబిగిసిన పచ్చడి సీసా నా చేతిలోంచి తీసుకుంటూ. మనుషులను కూడా నట్లలాగే వేరుచేసేవాడు. నట్టు లోపలి మరను మా దిక్కు మెకానిక్కులు చూడీ అంటారు. మామూలు నట్టు ఎడమకు తిప్పితే వదులవుతుంది. కొన్ని నట్లకు ఉల్టా చూడీ ఉంటుంది, అవి ఎడమకు తిప్పేకొద్దీ బిగుస్తాయి. తెలియనివాడు అది రావడం లేదని ఇంకా బలం పెడతాడు, అది ఇంకా బిగుస్తుంది.

"పాస్టరుది సీదా చూడీ. మీ అత్తది ఉల్టా చూడీ" అనేవాడు.

"నాది?" అన్నాను ఒకసారి.

"నీది ఇంకా తెల్వది బిడ్డా. నిన్నెవ్వడు తిప్పి చూడలే."

ఆ మాటకు నవ్వొచ్చింది. నేను ఆ ఇంటికి కొత్త.

మామ ఆఖరికి వీపు ఆనించిన ఆ బండి ట్రాలీ ఆటోలో వచ్చింది. దాన్ని బండి అనడానికి నాకు నోరు రాలేదు. ఎప్పటిదో టూ-స్ట్రోకు మోటారుసైకిలు, ఇప్పుడు రోడ్ల మీద కనిపించని రకం. చక్రాలకు గాలి కాదు కదా రబ్బరు కూడా సరిగా లేదు. ట్యాంకు నిండా ఎర్రటి జంగు, దాని మీద కోళ్ల పెంట. సీటు చింపితే లోపల ఎలుక పిల్లలు, ఇంకా కళ్లు తెరవనివి, గులాబీ రంగువి ఐదో ఆరో ఉన్నాయి. నేను "అయ్యో" అనేలోపు వాటిని నేల మీదికి దులిపి మడమ కింద నలిపేశాడు. చెప్పు అడుగు రాయికి రుద్దుకుని మళ్లీ పనిలో పడ్డాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

వాకిలి ఆరు నెలలు డీజిల్ వాసన కొట్టింది. పట్టుకుపోయిన ఇంజన్‌లో డీజిల్ పోసి రోజుల తరబడి నానబెట్టాడు, కర్రముక్క పెట్టి కొట్టి కొట్టి కదిలించాడు. రానిదాన్ని తల్లి ఆలి తిట్లు తిట్టాడు. తిట్లకూ దెబ్బలకూ మధ్యలో మాత్రం ఆయన చేతులు ఎంత నిదానంగా కదిలేవో చెప్పలేను. కార్బురేటర్‌లోని సన్నటి ఇత్తడి ముక్కను పసిపిల్ల చెవి శుభ్రం చేసినట్టు చేసేవాడు. అత్త అది చూస్తూ నిలబడేది. ఆమె ముఖంలో ఏముండేదో నాకు అప్పట్లో తెలియలేదు. ఇప్పుడు తెలుసు. ఆ చేతులకు మెల్లగా పట్టుకోవడం కూడా వచ్చని ఆమె అప్పుడే చూస్తోంది.

నోట్లో రెండు మూడు నట్లు పెట్టుకుని మాట్లాడటం ఆయనకు అలవాటు. ఒకరోజు చాయ్ ఇవ్వబోతే ఆ నట్ల సందుల్లోంచే అడిగాడు.

"గీ బండి ఎవల్దో ఎర్కేనా బిడ్డా?"

"తెల్వది మామా."

"మా ఊరి పటేలుది. నేను ఆళ్లింట్ల జీతముంటి. పదారేండ్లుంటయి నాకు. పొద్దుగాల లేవంగనే దీన్ని కడుగుడు నా పని. కడగొచ్చు. కూసోవద్దు."

"కూసున్నవా?"

"కూసున్న. స్టాండు మీదున్న బండే. కిక్కు గూడ కొట్టలే. చెయ్యి పెట్టి జర గిట్ల తిప్పిన. గంతే."

నట్లు అరచేతిలోకి ఉమ్మి, వెనక్కి తిరిగి బనీను పైకెత్తాడు. వీపు మీద రెండు మూడు చోట్ల చర్మం గొలుసు ముద్ర వేసినట్టు ఉంది.

"దీని చైనుతోనే. పటేలు గాదు, పటేలు కొడుకు. నా ఈడోడే."

"నువ్వేం జేసినవ్ మామా?"

"ఏం జేస్త? మల్ల కడిగిన. చైనుకు నెత్తురు అంటె గద."

పటేలు కుటుంబం ఎప్పుడో హైదరాబాదు వెళ్లిపోయిందట. పశువుల కొట్టంలో పడి ఉన్న బండిని వాళ్ల పాలేరు పాత ఇనుము కింద ఇచ్చేశాడు. మామ దానికి కొత్త చైను తెచ్చాడు గానీ పాతది పారెయ్యలేదు. రేకు తట్టలో డీజిల్ పోసి, అందులో నానబెట్టి పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. బనీను దింపుకుని చాయ్ తాగుతున్న ఆ మనిషిని చూస్తే నాకు జాలేసింది. ఎలుకపిల్లలు గుర్తొచ్చాయి, మేక గుర్తొచ్చింది, అత్త చెవి గుర్తొచ్చింది. అయినా జాలేసింది. అదే నాకు కోపం తెప్పించింది.

ఇక ఆ శనివారం. నాకు బడి లేదు, మా ఆయనకు మందుల కంపెనీలో సెలవు. ఇంజన్ పక్కమూత విప్పి ఉంది. లోపల క్లచ్చు నట్టు ఒక్కటి రావాలి. దానికి పట్టే సాధనం ఏదో లేతు షాపులో చేయించుకొస్తానని మామ బయల్దేరాడు. పోతూ పోతూ కొడుకుతో, "ముట్టకు" అన్నాడు. అంతే అన్నాడు. ఎందుకు ముట్టకూడదో చెప్పలేదు. ఆయన ఎవరికీ ఎందుకో చెప్పి ఎరగడు.

మా ఆయనది తండ్రి మెప్పు కోసం ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తున్న ప్రాణం. నాయిన వచ్చేసరికి నట్టు విప్పి చేతిలో పెట్టాలనుకున్నాడు. పానాకు పొడవాటి పైపు తొడిగి, కాలు ఇంజన్‌కు తన్నిపెట్టి, ఒళ్లంతా వేసి ఎడమకు లాగాడు. రాలేదు. ఇంకా బలం పెట్టాడు. నేను వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆయన మెడ నరాలు ఉబ్బడం చూశాను. టక్కుమని చప్పుడైంది. వచ్చింది అనుకుని నవ్వుతూ నా వైపు చూశాడు కూడా. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుండెలో గుచ్చుకుంటుంది.

అది ఉల్టా చూడీ. నట్టు రాలేదు. లోపలి షాఫ్టు మీద చూడీ మొత్తం కొరుక్కుపోయింది. ఆ షాఫ్టు ఈ జిల్లాలో కాదు, ఎక్కడా దొరకదు.

మామ తిరిగొచ్చి వంగి చూశాడు. వేలు పెట్టి తడిమాడు. లేచి, రేకు తట్టలో చెయ్యి పెట్టి ఆ పాత చైను బయటికి తీశాడు. డీజిల్ కారుతూనే ఉంది. మొదటి దెబ్బ మా ఆయన భుజం మీద పడింది. రెండోది వీపు మీద. గోడల మీంచి తలలు లేచాయి. మా ఆయన ఎత్తులో తండ్రి కంటే జానెడు ఎక్కువ, తిరగబడితే పట్టలేడు. తిరగబడలేదు. తల మీద రెండు చేతులూ పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆరేళ్ల పిల్లవాడు అలా కూర్చుంటాడు.

"ముట్టకంటి గదరా! ఉల్టా చూడీరా అది, గాడ్ది కొడకా! ఉల్టా చూడీ!"

ప్రతి మాటకూ ఒక దెబ్బ. నేను "మామా!" అని అరిచాను. ఆ చైను ఎక్కడిదో, అంతకుముందు ఎవరి వీపు మీద ఆడిందో నాకు తెలుసు. కొడుతున్న మనిషికి ఆ సంగతి గుర్తుందో లేదో తెలియలేదు. చెయ్యి నొప్పి పుట్టాక చైను తట్టలో పడేసి, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, "అన్నం పెట్టు" అన్నాడు అత్తతో.

మా ఆయన తినడానికి వంటింట్లోకి వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుని ఉంది. పళ్లెం ముందు పెట్టి నేను అన్నాను, "ఒక్క మాట అడిగి తిప్పితే అయిపోవు గద" అని. ఆ మాటలో కొంచెం ఎగతాళి కూడా ఉంది, దాచను. నాకూ ఆ పొద్దు ఎవరి మీదనో ఒకరి మీద కోపం తీర్చుకోవాలని ఉండింది.

పళ్లెం గోడకు తగిలింది. నా జుట్టు ఆయన ఎడమచేతిలో ఉంది. కుడిచేతి దెబ్బ నోటి మీద పడింది. పెదవి పంటికి తెగి నోరంతా ఉప్పగా అయింది. పెళ్లైన రెండేళ్లలో అదే మొదటి దెబ్బ. "నువ్వు గూడనా? నువ్వు గూడ చెప్తవా నాకు?" అంటూ రెండోసారి చెయ్యి ఎత్తాడు.

దించనివ్వలేదు మామ. అన్నం మెతుకులు అంటిన చేత్తోనే వచ్చాడు. పదిహేడు నంబరు పానా మణికట్టు మీద పడింది. ఆ చప్పుడు, ఇంట్లో కోడి మెడ విరిచినప్పుడల్లా నాకు మళ్లీ వినిపిస్తుంది. మా ఆయన అరవలేదు. తన చేతిని తాను చూసుకున్నాడు. అది ఉండాల్సిన దిక్కుకు లేదు.

"ఆడిబిడ్డ మీద చెయ్యెత్తుతవురా? నా ఇంట్ల?" అన్నాడు మామ. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది.

నిజం చెప్తున్నాను, ఆ పానా పడినప్పుడు నాకు సంతోషమైంది. రక్తం మింగుతూ సంతోషపడ్డాను. అత్త పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఏడవలేదు, కొడుకు దగ్గరికి పరుగెత్తలేదు. మొగుడి వంక చూసి, మామూలు గొంతుతోనే అడిగింది.

"నా చెవు పోయిన్నాడు గీ పానా యాడికి వోయింది?"

మామ పానా కింద పెట్టి, బయటికి పోయి, బండి పక్కన నేల మీద కూర్చున్నాడు. నా సంతోషం కూడా ఆ మాటతోనే దిగిపోయింది. నన్ను కాపాడిన చెయ్యీ, ఆమెను చెవిటిదాన్ని చేసిన చెయ్యీ ఒక్కటేనని ఆమె అంత నిమ్మళంగా చెప్పాక నేను ఏ మొహంతో సంతోషపడను?

మహబూబ్‌నగర్ దవాఖానలో, పాత బండి కిక్కు కొడుతుంటే కిక్కురాడ్ ఉల్టా తన్నిందని చెప్పాం. డాక్టరు నమ్మాడు. "పాత బండ్లు గంతేనమ్మా, మనుషుల్ని తంతయి" అని నా పెదవి వైపు చూశాడు. దాన్ని కూడా బండి ఖాతాలోనే వేసుకున్నాడేమో. మూడు నెలలు కట్టు. ఆ మూడు నెలలూ మా ఆయనకు అన్నం కలిపి ముద్దలు నేనే పెట్టాను. కొట్టినవాడు ఆయన, విరగ్గొట్టినవాడు మామ, ముద్దలు మాత్రం నావి. అత్త గడప మీద కూర్చుని రోజూ ఆ తంతు చూసేది.

లేతు షాపతను ఆ షాఫ్టు మీద కొత్త చూడీ పోసి ఇచ్చాడు. మామ పని సాగింది గానీ నోరు ఆగిపోయింది. తిట్లు లేవు. ట్యాంకు పని అంతా అప్పుడే చేశాడు. దాని మూతి లోంచి వంకర ఇనుపకడ్డీ పెట్టి సొట్టలన్నీ లోపలినుంచి పైకి తోశాడు, గరుకు కాగితంతో రోజుల తరబడి రుద్దాడు. రంగు కొట్టేటప్పుడు దుమ్ము పడకుండా అత్త పెట్టెలోంచి పట్టుచీర తీసి చుట్టూ కట్టాడు, అడక్కుండానే. చీర నిండా ముదురు ఎరుపు చుక్కలు పడ్డాయి. అత్త ఆ చీర మడతపెట్టి మళ్లీ పెట్టెలోనే పెట్టుకుంది. ట్యాంకులో మాత్రం మొహం చూసుకోవచ్చు, అంత నున్నగా తేలింది.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే బండిని వాకిలి మధ్యకు తెచ్చి నిలబెట్టాడు. ఇవాళ కిక్కు కొడతాడని పక్కింటివాళ్లు కూడా గోడ దగ్గరికి వచ్చారు. ఆయన కిక్కు కొట్టలేదు. పనిముట్ల డబ్బాలోంచి సుత్తి తీసి అత్తను పిలిచాడు. సుత్తి ఆమె చేతిలో పెట్టి, బట్టలుతికే బండ ముందు గొంతుక్కూర్చుని, కుడిచెయ్యి విప్పి దాని మీద పరిచాడు.

"కొట్టు" అన్నాడు.

అత్తకు వినపడలేదేమోనని ఆమె కుడి పక్కకు జరిగి మళ్లీ అన్నాడు. "గీ చెయ్యే గద. కొట్టు."

మా ఆయన అరుగు మీదే ఉన్నాడు, కట్టు విప్పి వారమైంది. "అమ్మా, వద్దే" అన్నాడు. అత్త ఆ చేతిని చాలాసేపు చూసింది. అంతసేపు ఆ చేతిని చూడటం ఆమెకు కూడా అదే మొదటిసారి అయ్యుంటుంది.

"నీ చెయ్యి ఇరిగితే అన్నం ఎవలు తినిపియ్యాలె? మల్ల నేనే గద" అంది.

అని, వెనక్కి తిరిగి, రెండు చేతులతో సుత్తి ఎత్తి ఆ ఎర్రటి ట్యాంకు మీద కొట్టింది.

ఒక్కటే దెబ్బ. రంగు పెళ్లలు లేచి ఆమె చెంపకు తగిలాయి. అది సుత్తి దెబ్బ కాదు, కాపురం మొత్తం దెబ్బ. గోడల మీది తలలు దిగిపోయాయి. మామ పిడికిళ్లు బిగించి లేచాడు. ఇక చంపుతాడు, నేను అడ్డం పోవాలి అనుకున్నాను గానీ అడుగు పడలేదు. అత్త కదలలేదు. సుత్తి కింద పడేసి చేతులు దులుపుకుని అక్కడే నిలబడింది. పటేలు బండి మీద, చైనుదెబ్బలు తినిపించిన బండి మీద, ఆరు నెలలు ప్రాణం పెట్టిన బండి మీద పిడికిలి పట్టేంత సొట్ట.

మామ వంగి సొట్టలో బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పాడు. ఒక్కో అంచూ చూశాడు.

"లెవల్‌గ పడ్డది" అన్నాడు.

ఆ తర్వాతే కిక్కు కొట్టాడు. నాలుగో కిక్కుకు బండి అంటుకుంది, వాకిలంతా పొగ. వెనక సీటు చేత్తో తుడిచి అత్త వంక చూశాడు. ఆమె లోపలికి వెళ్లి పప్పు కడగడం మొదలుపెట్టింది. ఆమె ఆ బండి ఎక్కలేదు. ఆయన చచ్చేదాకా ఎక్కలేదు. ఒక్కడే వాళ్ల ఊరికి పోయి, తాళం వేసి ఉన్న పటేలు ఇంటి చుట్టూ తిరిగి, గట్టిగా హారన్ కొట్టి వచ్చాడట. ఆ పాత చైను మళ్లీ మా ఇంట్లో కనిపించలేదు.

తర్వాత ఆయన అత్తను కొట్టలేదు. అంతమాత్రాన మంచివాడయ్యాడని నేను అనను. కంచాలు విసరడం మానలేదు, నోరు నెమ్మదిగా మళ్లీ వచ్చింది. కాని సొట్ట తీయించుకోమని ఎవరన్నా అంటే ఒకటే జవాబు. "గది నాది గాదు. ఆమెది." అడిగినవాళ్లకు ఏమీ అర్థమయ్యేది కాదు. మా ఆయన మణికట్టు అతుక్కుంది గానీ పూర్తిగా తిరగదు, సీసా మూతలు ఇప్పటికీ నేనే తీస్తాను. ఆయన నా మీద మళ్లీ చెయ్యెత్తలేదు. భయంతోనా, బుద్ధితోనా అనేది మామ ఉన్నన్నాళ్లు నేను తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు.

అందుకే మామ పోయిన రోజు భయపడ్డాను.

మామ పేరిట సంవత్సరం ప్రార్థన అయిన కొద్ది రోజులకు, పాత బండ్లు పోగుచేసే మనిషి ఒకతను హైదరాబాదు నుంచి వచ్చాడు. మా ఆయనే పిలిపించాడు. అతను బండి చుట్టూ తిరిగి, ట్యాంకు మీద చెయ్యి వేసి, "అంతా ఓకే అన్నా, గీ సొట్ట ఒక్కటే. మా పెయింటర్ ఒక పూటల తీసేస్తడు. ఉండెనని గూడ తెల్వది" అన్నాడు. మా ఆయన తల ఊపుతున్నాడు. అత్త అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. "ఏమంటుండు బిడ్డా?" అని నన్ను అడిగింది.

కుడి చెవి దగ్గరికి వంగి చెప్పాను. "సొట్ట తీపిస్తడట."

గింజ తీస్తున్న ఆమె వేళ్లు ఆగాయి. నేను లేచి అతని ముందుకు పోయి, "గిది అమ్మే బండి గాదన్నా. ఊకెనే తిరిగినవ్, చాయ్ తాగిపో" అన్నాను. అతను మా ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు, చాయ్ కూడా తాగకుండా పోయాడు.

మా ఆయన గేటు వేసి వచ్చాడు.

"పరాయోని ముందట నా ఇజ్జత్ తీస్తవా?"

"సొట్ట నీది గాదు. అత్తది."

"ఎక్కువ మాట్లాడకు. కొట్టిన్నంటే మల్ల లేవవు." ఇంకో అడుగు ముందుకేశాడు. "నాయిన లేడిప్పుడు."

ఏడాదిగా నేను లోపల దాచుకున్న మాట ఆయన నోటి నుంచి వచ్చింది. ఆయన కూడా ఆ మాటే లెక్కపెట్టుకుంటూ ఉన్నాడన్నమాట. పూర్తిగా తిరగని ఆ కుడిచెయ్యి పైకి లేచింది. నా పెదవి మీది పాత మచ్చ నాకు తెలియకుండానే పళ్ల కిందికి పోయింది.

అత్తకు మాటలు వినపడి ఉండవు. కాని లేచిన చెయ్యి ఏమిటో ఆమెకు చెవులతో పని లేకుండానే తెలుసు. చింతపండు చాట పక్కన పెట్టి లేచింది. మామ పనిముట్ల డబ్బా తెరిచి, ఆ సుత్తి తీసి, నా దగ్గరికొచ్చి నా కుడిచేతిలో పెట్టింది. ఒక్కో వేలూ దాని చుట్టూ మడిచింది. తిరిగి పోయి చాట ఒళ్లోకి తీసుకుని గింజలు తీయడం మొదలుపెట్టింది.

సుత్తి అనుకున్నదానికంటే బరువు. నేను దాన్ని ఎత్తలేదు. ఆయన కళ్లల్లోకి చూస్తూనే రెండడుగులు పక్కకు వేసి, దాన్ని ట్యాంకు మీది సొట్టలో పెట్టాను. సుత్తి ముఖం అందులో సరిగ్గా కూర్చుంది. పిడి మీద చెయ్యి మాత్రం తీయలేదు.

ఆయన సొట్టను చూశాడు. తల్లిని చూశాడు. ఆమె తలెత్తలేదు. ఎత్తిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది, తర్వాత అందుకే ఎత్తినట్టు తల గోక్కున్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ సుత్తి మళ్లీ డబ్బాలోకి పోలేదు. వంటింట్లో, రోలు పక్కన, నా చేతికి అందే ఎత్తులో ఉంటుంది. చుట్టాలెవరైనా చూసి ఇదేందని అడిగితే, "అల్లం దంచనీకె" అంటుంది అత్త. పక్కనే రోకలి ఉండగా సుత్తితో అల్లం దంచడమేమిటని వాళ్లు నవ్వుతారు.

మా ఆయన మాత్రం ఒక్కనాడు కూడా అడగలేదు.